రెండుకల్లా రోడ్డు దిగాలి

మే 14, మంగళవారం

రేపు అత్తయ్యను కాన్సస్‌లో, సలైనాలో ఉన్న ఆవిడ కూతురు జానెల్ దగ్గర దింపి వస్తాను. సామాను సర్దడం అయిపోయింది. అయిపోయింది అని రాశానే గానీ, నేను సర్దిన పెట్టెను ఆవిడ మళ్ళీ విప్పి తనకు తోచినట్టు సర్దింది. అడుగున తన ఇనప మూకుడు, దాని మీద చర్చికి వేసుకునే తెల్ల జాకెట్టు. జానెల్ ఇంట్లో గాజు పొయ్యి అత్తయ్యా, ఈ మూకుడు పెడితే పగులుతుంది అన్నాను. "పగిలితే మంచి పొయ్యి కొనుక్కుంటుంది," అంది.

చలికాలంలో అత్తయ్య బాత్రూములో జారి పడ్డప్పటి నుంచీ ఈ మాట నడుస్తూనే ఉంది. "వదినా, నువ్వు చేసింది చాలు," అని జానెల్ ఫోనులో ఏడ్చింది. "అన్నయ్యే పోయాక మా అమ్మ బరువు నీకెందుకు? నీ బతుకేదో నువ్వు బతుకు." నేను సరే అన్నాను. అత్తయ్యను అడిగితే "నాకేం, ఎక్కడైనా ఒకటే" అంది. ఎనభై దాటిన మనిషి కన్న కూతురి దగ్గర ఉంటే తప్పేముంది? సరే అనడమే సరైన పని.

అత్తయ్య గదిలో నా కుట్టుమిషను పెట్టుకుంటాను. గోడలకు పసుపు రంగు వేయిస్తాను. టీవీ రిమోటు నా చేతిలో ఉంటుంది. ఐదు కొట్టగానే రాత్రి భోజనం పెట్టాల్సిన పని లేదు, ఆకలైనప్పుడే తింటాను. అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. ఎల్లుండి నుంచి నేనూ ఉత్తమురాలినే.

ఒక్కటే చిక్కు. టీవీలో వాతావరణం చెప్పే మనిషి ఇవాళ కోటు విప్పి చొక్కా చేతులు మడిచాడు. ఆయన చేతులు మడిచాడంటే ఓక్లహోమాలో ప్రతి ఇల్లాలూ వెళ్ళి నేలమాళిగలో సాలెగూళ్ళు దులుపుకుంటుంది. వారమంతా రోజూ టోర్నడోలేనట, ఇక్కడి నుంచి కాన్సస్ నడిమి దాకా, ఒకటి కాదు, గుంపులు గుంపులుగా. పోనీ వచ్చే వారం వెళ్దామా అన్నాను.

"సుడిగాలికి జడిసి ఆగితే ఈ రాష్ట్రంలో ఎవరికీ పెళ్ళిళ్ళు అయ్యుండేవి కావు," అంది అత్తయ్య. "రేపే పోదాం."

అంత తొందరగా ఉంది కాబోలు. ఉండనీ.

మే 15, బుధవారం. కింగ్‌ఫిషర్

ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపినదాన్ని. ఈ కాలంలో ప్రయాణానికి నా నియమాలు నాకున్నాయి. పొద్దున్నే బయల్దేరాలి, మధ్యాహ్నం రెండుకల్లా రోడ్డు దిగాలి. పొద్దంతా ఎండలో ఉడికిన గాలి సాయంత్రానికే కదా పొంగేది. పెట్రోలు సగానికి తగ్గకూడదు. ఎంత వడగళ్ళు పడ్డా వంతెన కింద ఆగకూడదు, అక్కడ గాలి ఇంకా గట్టిగా తోస్తుంది. కాళ్ళకు బూట్లు ఉండాలి, చెప్పులు పనికిరావు. ఏ ఊళ్ళో దిగినా ముందు అడగాల్సింది ఇది ఏ కౌంటీ అని. హెచ్చరిక వస్తే టీవీలో కౌంటీ పేరు, అంటే జిల్లా పేరు, చెప్తారు గానీ మన పేరు పెట్టి పిలవరు.

ఇవన్నీ కారెక్కగానే అత్తయ్యకు చెప్పాను. మా ఆయన రోయిస్ సాఫ్ట్‌బాల్ ఆడేటప్పుడు పెట్టుకున్న హెల్మెట్లు రెండు వెనక సీట్లో పడేశాను, ఒకటి ఆవిడకు, ఒకటి నాకు.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట ఎవడో," అంది.

"తల పగిలాక రోకలి ఎక్కడ చుడతారు?"

"నోరు మాత్రం నా కొడుకు దగ్గరే నేర్చావు," అని కిటికీ వైపు తిరిగింది. నవ్వుతోందని నాకు తెలుసు. భుజాలు కదిలాయి.

ఆరింటికి బయల్దేరాల్సినవాళ్ళం పదింటికి బయల్దేరాం. చెవిమిషను కనబడలేదంది. ఇల్లంతా వెతికితే చివరికి ఆవిడ కోటు జేబులో దొరికింది. అక్కడ చూశారా అని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ చూశాననే చెప్పింది. ఎల్ రినోలో ఉల్లిపాయ బర్గర్లు తినకుండా ఊరు దాటడం పాపం అంది. తిన్నాం. ఇంకోటి తింది. ఇంకేం, కింగ్‌ఫిషర్ అనే ఈ ఊరు వచ్చేసరికి ఒంటిగంటన్నర, పడమట మబ్బు గోడ కట్టినట్టు లేస్తోంది. నియమం నియమమే కదా. మోటెల్‌లో దిగాం.

జానెల్‌కు ఫోన్ చేసి ఇవాళ రాలేమన్నాను. "ఇక్కడ ఎండ కాస్తోంది వదినా!" అంది. నీకు కాస్తే సరిపోతుందా, దారి మా దగ్గర ఉంది అన్నాను.

సాయంత్రం ఆకాశం ఆకుపచ్చగా మారింది. మోటెల్ పిల్ల మమ్మల్ని మెట్ల కిందున్న బట్టలుతికే గదిలోకి పంపింది. పంపిందా, అత్తయ్య మాత్రం పార్కింగులో నిలబడి మబ్బును చూస్తోంది. చుట్టుపక్కల గదుల మగవాళ్ళూ అంతే, చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. సైరన్ మోగితే లోపలికి పోవాలని దేశమంతా అనుకుంటుంది, మావాళ్ళు మాత్రం బయటికొస్తారు. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"అది తిరగట్లేదే. ఊరికే బెదిరిస్తోంది," అంది.

"మీతో మాట్లాడిందా?"

"నీకంటే నయం, అది ఉన్నదున్నట్టు చెప్తుంది."

నాలుగు వడగళ్ళు రాల్చి మబ్బు పోయింది. తర్వాత మంచాల మధ్య స్టూలు పెట్టుకుని డామినోలు, అదే చుక్కల బిళ్ళల ఆట, ఆడాం. ఆవిడ మోసం చేసింది. ఎలా చేసిందో పట్టుకోలేకపోయాను. నవ్వి నవ్వి నాకు పక్కలు నొప్పెట్టాయి. రోయిస్ పోయాక ఇలా నవ్వినట్టు గుర్తులేదు.

మే 16, గురువారం. కింగ్‌ఫిషర్

ఇవాళ కూడా కదల్లేదు. జాగ్రత్త మంచిదే కదా.

మే 16, మళ్ళీ

అబద్ధం రాస్తే నాకే నచ్చట్లేదు. పొద్దున్న రేడియో చెప్పిన ప్రమాదం తూర్పున ఆర్కన్సా సరిహద్దు దగ్గర. ఇక్కడ ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అయినా గాలి తీరు నాకు నచ్చలేదు. బస్సు నడిపినదానికి గాలి తీరు తెలుస్తుంది.

"వానొస్తుందంటావా?" అంది అత్తయ్య ఎండలో కళ్ళు చికిలించి.

"చెప్పలేం."

"అవును మరి, చెప్పలేం," అని తల ఊపింది. నాతో వాదించలేదు. ఆవిడ వాదించకపోవడం నేను చూడ్డం ఇదే మొదలు. ప్రయాణం అలసట కావచ్చు.

ఇద్దరం వెళ్ళి జుట్టు చేయించుకున్నాం. అత్తయ్య జుట్టుకు లేత నీలం పట్టించింది. జానెల్ చూస్తే మూర్ఛపోతుంది. దారిలో పాత సామాన్ల కొట్లో నాకు ఎర్ర టోపీ కొనిపెట్టింది. వద్దంటే వినలేదు. "ఎప్పుడూ ఆ బస్సు నడిపినప్పటి బట్టలేనా? మొగుడు పోయాడు గానీ నువ్వు పోలేదుగా," అంది అంత మందిలో. చంపేద్దామనిపించింది. టోపీ బాగుంది.

మే 17, శుక్రవారం. ఈనిడ్

నలభై మైళ్ళు నడిపాను. పదిన్నరకే ఆగాం. ఉక్కగా ఉంది.

జానెల్ మూడుసార్లు ఫోన్ చేసింది. ఈ లెక్కన నడిచొచ్చినా ఈపాటికి వచ్చేవాళ్ళు కదా వదినా అంది. రేపు తప్పకుండా అన్నాను. రేపు తప్పకుండా వెళ్ళాలి. పొడిగించిన కొద్దీ ఆవిడకే కష్టం. ఆవిడకే. నాకేముంది, దింపేసి తిరిగొచ్చేదాన్ని.

ఇవాళ కూడా డామినోల్లో ఓడిపోయాను. బిళ్ళలు లెక్కపెట్టినా ఓడిపోయాను.

మే 18, శనివారం. కాన్సస్, సమ్నర్ కౌంటీ

మేం బాగున్నాం. ముందు అది రాస్తాను. ఇద్దరం బాగున్నాం.

చేతిరాత కుదురుగా లేదు, ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. ఇది లూథరన్ చర్చి కింది గది. పొద్దుగుంకలేదింకా. అత్తయ్య అవతల ఎవరో ముసలాయనకు సుడిగాలి గురించి చెప్తోంది, ఆయన చూడనట్టు. ఆయన ఇల్లు పోయింది. అయినా నోరు తెరుచుకుని వింటున్నాడు.

పొద్దున ఏడింటికే బయల్దేరాం. ఈసారి చెవిమిషను చెవిలోనే ఉంది. అత్తయ్య దారంతా మాట్లాడలేదు. రోడ్డుకు రెండు పక్కలా గోధుమ పసుపు తిరుగుతోంది. ఒకచోట ఆపమంది. దిగి ఒక వెన్ను తెంపి అరచేతిలో నలిపి, గింజలు నోట్లో వేసుకుని నమిలింది. నాకూ నాలుగు పెట్టింది. "ఇంకో పది రోజులు," అంది. కోతకు అన్నమాట. నేను మా ప్రయాణం గురించి అనుకున్నాను ఒక్క క్షణం. అలా ఆగి ఆగి సరిహద్దు దాటేసరికి పదకొండున్నర. చిన్న ఊరు. ధాన్యం గోదాము, చర్చి, హోటలు, అంతే. రెండుకు ఇంకా బోలెడు టైముందని భోజనానికి ఆగాం. ఇది ఏ కౌంటీ అని గడపలోనే అడిగాను. సమ్నర్ అని చెప్పింది వడ్డించే అమ్మాయి.

హోటలు డోయిల్ అనే ఆయనది. నిలువెత్తు మనిషి, నడుముకు పిండి మరకల గుడ్డ. వేయించిన మాంసం, పైన మిరియాల తెల్ల గ్రేవీ తెచ్చిపెట్టాడు. ముక్క నోట్లో పెట్టుకున్నాను, సైరన్ మోగింది.

ఎవరూ తల ఎత్తలేదు. శనివారం పన్నెండింటికి మా ఊళ్ళోనూ మోగుతుంది, వారం వారం పరీక్ష. ఊళ్ళన్నిట్లో దాన్ని విని గడియారం సరిచేసుకుంటారు, అంతే.

"ఏమిటా కూత?" అంది అత్తయ్య.

"పరీక్ష అత్తయ్యా. తినండి."

పరీక్ష అయితే ఒక రొట్టెకు వెన్న రాసేలోగా ఆగిపోవాలి. రాశాను. ఆగలేదు. రెండోదానికి రాశాను. పక్క బల్ల దగ్గర రైతు ఒకాయన ఫోర్కు గాలిలో ఆగింది. ఆ అవతల ఇంకొకరిది. వడ్డించే అమ్మాయి కాఫీ పోస్తూనే ఉంది, కప్పు నిండి సాసరు నిండి బల్ల మీద పారుతోంది, అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది. మబ్బు పట్టిన రోజు పరీక్ష పెట్టరని అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలుసు. అందరికీ తెలిసీ అందరం తింటూ కూర్చున్నాం. నాకే సిగ్గేసింది. రెండు, రెండు అని జపం చేస్తున్నదాన్ని, ఆ మబ్బుకు నా నియమం ఎవరు చెప్పారు?

డోయిల్ వెనక తలుపు తీసి చూసి వచ్చాడు. అరవలేదు. "అందరూ లేవండి. కూలర్‌లోకి నడవండి," అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనం విని చేతిలో రొట్టె కింద పెట్టేశాను.

అత్తయ్య లేచి ముందు తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికి?"

"ఒక్కసారి చూసొస్తా. ఇది తిరుగుతోందేమో."

"చచ్చాక చూద్దురుగాని, నడవండి!"

"చచ్చాక ఏం కనబడుతుందే!"

నడుం చుట్టూ చెయ్యి వేసి ఎత్తుకున్నంత పని చేశాను. ఆవిడ బరువే లేదు. ఈ మనిషి ఇంత తేలికైపోయిందని నాకు తెలియలేదు.

కూలర్ అంటే గదంత ఫ్రిజ్, ఇనప గోడలు. క్యాబేజీ బుట్టలు, పాల డబ్బాలు, పై అరలో వరసగా తీపి పళ్ళ పై‌లు, మధ్యలో మేం పదిమందిమి. హెల్మెట్లు రెండూ కార్లో ఉన్నాయి. నియమాలు చెప్పిన మహాతల్లిని నేనే. డోయిల్ పెద్ద సూపు గిన్నె ఖాళీ చేసి అత్తయ్య తల మీద బోర్లించాడు.

"రోకలి కూడా ఉంటే తెచ్చెయ్యి నాయనా," అంది లోపల్నుంచి.

"చలేస్తోందా అమ్మా?" అన్నాడాయన.

"నిండా మునిగాక చలేమిటి?"

అందరూ నవ్వారు. నిజంగానే నవ్వారు, పళ్ళు టకటకలాడుతూనే. అప్పుడు డోయిల్ డబ్బాల మీద తేదీలు వేసే నల్ల మార్కరు తీసి చేతుల మీదుగా పంపాడు. "ముంజేతి మీద పేరు రాసుకోండి. కింద మీవాళ్ళ ఫోను నంబరు," అన్నాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. రైతు రాసుకున్నాడు, వడ్డించే అమ్మాయి రాసుకుంది, నా దాకా వచ్చింది. నాది రాసుకున్నాను, కింద జానెల్ నంబరు. నాకు ఇంకెవరున్నారు రాయడానికి? తర్వాత అత్తయ్య చెయ్యి అందుకున్నాను. చర్మం ఉల్లిపొరలా ఉంది, ఎక్కడ చిరుగుతుందోనని భయమేసింది. ఒలీటా అని రాశాను. కింద అంకెలు మొదలుపెట్టాను.

చెయ్యి లాక్కుంది. "ఎవరి నంబరది?"

"జానెల్‌ది."

"నీది రాయి."

"నేను మీ పక్కనే ఉన్నాగా అత్తయ్యా. మీకేమైనా అయితే నాకూ అవుతుంది. ఇంక నా ఫోను ఎవరెత్తుతారు?"

"నువ్వెత్తకపోతే ఇంకెవరెత్తినా నాకు ఒకటే. రాయి."

రాశాను. తొందరలో ఏడు ఒకటిలా పడింది. దిద్దాను.

దీపం పోయింది. చెవులు మూసుకుపోయాయి, లోతు నీళ్ళలోకి దిగినట్టు. తలుపు తనంతట తాను ఊగింది, డోయిల్, రైతు దాని పిడి పట్టుకుని వెనక్కి వాలారు. పైన ఏదో పెద్దది చిరిగింది. ఎవరో ప్రార్థన చేస్తున్నారు. నేను అత్తయ్య మీద వంగి గిన్నెను రెండు చేతులా పట్టుకున్నాను.

"ట్వైలా," అంది గిన్నెలోంచి.

"ఏం అత్తయ్యా?"

"మొన్న డామినోల్లో ఆ డబుల్ సిక్స్ బిళ్ళ నా ఒళ్ళోనే ఉంది. నిన్న కూడా."

"నాకు తెలుసు," అన్నాను. తెలియదు. కానీ చచ్చేముందు కూడా ఓడిపోవడం నాకిష్టం లేకపోయింది.

ఎంతసేపో తెలీదు. ఆగిపోయింది. తలుపు తీస్తే హోటల్లో సగం కప్పు లేదు, మా బల్ల మీద ఆకాశం ఉంది. నా పళ్ళెంలో మాంసం అలాగే ఉంది, గ్రేవీ నిండా గోడ సున్నం. వీధిలోకి వస్తే చెట్లకు ఆకుల్లేవు. చర్చి శిఖరం పక్క పెరట్లో తలకిందులుగా దిగబడి ఉంది. మూడు ఇళ్ళు లేవు. కానీ మనుషులున్నారు. ఊరంతా రోడ్డు మీదికొచ్చి పేరు పేరునా పిలుచుకున్నారు, పలకనివాళ్ళు ఒక్కరూ లేరు. ఒక కోడిపుంజు కనబడలేదని ఒకావిడ ఏడ్చింది. సాయంత్రానికి అదీ వచ్చింది, తోక లేకుండా.

కరెంటు లేదు, ఐస్‌క్రీం కరిగిపోతుందని డోయిల్ డబ్బాలన్నీ బయటికి తెచ్చాడు. పై‌లూ తెచ్చాడు. కూలిన ఇళ్ళవాళ్ళూ కూలని ఇళ్ళవాళ్ళూ రోడ్డు అంచున కూర్చుని గరిటెలతో, చేతులతో తిన్నారు. కోడి కోసం ఏడ్చిన ఆవిడ నాకు నోట్లో పెట్టింది. నేనెవరో ఆమెకు తెలియదు. అంత సంతోషం నేనెక్కడా చూడలేదు, సిగ్గు లేకుండా చెప్తున్నాను. అత్తయ్య చెర్రీ పై ఒక్కతే సగం లాగించింది. గిన్నె తీయమంటే తీయదు.

కారు వెనకద్దం పోయింది. ఎవరో ప్లాస్టిక్ పట్టా తెచ్చి టేపు వేసి పెట్టారు. జానెల్ ఫోన్ కలిసేసరికి మా కౌంటీ పేరు టీవీలో చూసి కేకలు పెడుతోంది. బాగున్నాం, రేపొస్తాం అన్నాను.

నంబరు సంగతి రాయకూడదనుకున్నాను. రాసేశాను. భయంలో మనుషులు ఏవేవో అంటారు. వాటిని పట్టుకుని వేలాడకూడదు.

మే 19, ఆదివారం. సలైనా

చేరాం.

జానెల్ వాకిట్లోనే తల్లిని కావలించుకుని ఏడ్చింది. తర్వాత నన్ను. తర్వాత నీలం జుట్టు చూసి మళ్ళీ ఏడ్చింది. గది ఎంత బాగా చేయించిందో. కొత్త మంచం, పెద్ద టీవీ, బాత్రూము నిండా పట్టుకోవడానికి ఇనప కమ్మీలు. నేలమాళిగ కూడా ఉంది, మెట్లకు కార్పెట్టు. వంక పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు.

భోజనాల దగ్గర అత్తయ్య చెయ్యి చాపితే జానెల్ చూసింది. ఎంత తోమినా పోలేదు ఆ సిరా. "అమ్మా, ఇది వదిన నంబరు కదా?"

"అవును."

"నాది ఎందుకు రాయలేదు?"

"గిన్నెలో చీకటిగా ఉంది," అంది అత్తయ్య. బంగాళదుంపలు ఇటు జరపమంది.

రేపు పొద్దున్నే బయల్దేరతాను.

మే 20, సోమవారం. పొద్దున్న

రేడియో పెట్టాను. ఇక్కడి నుంచి టెక్సస్ దాకా ఎక్కడా చుక్క లేదు. వారమంతా ఎండ. ఛీ.

ఛీ అని ఎందుకు రాశాను?

మే 20, సోమవారం. సాయంత్రం. న్యూటన్

అత్తయ్య పొద్దున వాకిట్లోకి వచ్చి "రెండుకల్లా రోడ్డు దిగు," అంది. "దిగుతా," అన్నాను. "మూకుడు వదిలేసి వెళ్తావా, పట్టుకెళ్తావా?" అంది. "మీ మూకుడు మీ దగ్గరే ఉండాలి," అన్నాను. బుగ్గ మీద ముద్దు పెట్టుకున్నాం. ఇద్దరం మర్యాదగా ఉన్నాం, బ్యాంకులో కలిసినవాళ్ళలాగా.

ఊరి చివర పెట్రోలు పట్టించాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది. రోడ్డు తిన్నగా దక్షిణానికి ఉంది. బండి స్టార్టు చేసి దానివంకే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో పసుపు గోడలు, రిమోటు, ఎనిమిదింటికి భోజనం. ఎవరితో తినాలి ఎనిమిదింటికి? ఒక్క మబ్బు తునక వస్తే బావుండునని పడమటికి చూశాను. ముసలిదాన్ని కాదు, పిచ్చిదాన్ని కాదు, పట్టపగలు నడిరోడ్డు పక్కన టోర్నడో రమ్మని మొక్కుతున్నాను. అప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండింది. ఐదు రోజులుగా ఆకాశం చేత చెప్పిస్తున్న మాట నా నోటితో చెప్తే నోరు పడిపోతుందా? బండి వెనక్కి తిప్పాను.

అత్తయ్య వాకిట్లో కుర్చీలోనే ఉంది. నేను దిగడం చూసి లేవలేదు.

"ఏమైంది? తుఫానా?"

"లేదు."

"వడగళ్ళా?"

"ఏమీ లేదు అత్తయ్యా. ఎండే."

"మరి?"

మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "మీరు నాతో వచ్చెయ్యండి. జాలిపడి కాదు. మొహమాటానికి కాదు. మీరు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా ఉండదు. నాకు మీరు కావాలి."

కుర్చీలోంచి లేచింది. ఎంత గట్టిగా తిట్టిందంటే, జానెల్ లోపల్నుంచి గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఆ మాట కింగ్‌ఫిషర్‌లో ఏడిస్తే ఈ నడుంతో ఇంత దూరం వచ్చేదాన్నా?"

"మీరైనా అనలేదుగా! ఎక్కడైనా ఒకటే అన్నారు!"

"నేనెలా అంటానే? కొడుకుంటే నా ఇల్లు అనేదాన్ని. వాడు పోయాడు. ఇక నువ్వు ఉండమంటే ఉండాలి. రెండేళ్ళు చూశా. అన్నం పెట్టావు, మందులిచ్చావు, స్నానం చేయించావు. ఉండమని ఒక్కసారి అనలేదు."

నిజమే. అనలేదు. ఉండనే ఉన్నారు కదా, ఇంక అనడమెందుకు అనుకున్నాను. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఆవిడ నా ఎర్ర టోపీ సరిచేసింది, అది వంకరగా ఉంటే ఆవిడ ఓర్చుకోలేదు.

"అమ్మా, నేనేం తక్కువ చేశాను?" అంది జానెల్.

"తక్కువ కాదే తల్లీ, ఎక్కువ చేశావు. ఆ కమ్మీలన్నీ పట్టుకోవడానికి నాకు రెండు చేతులు చాలవు. ఆగస్టులో వస్తాలే, అక్కడ ఎండలు మాడుస్తాయి. అప్పుడు చెయ్యి ఈ సేవలన్నీ."

జానెల్ నన్ను చూసింది. "నీ బరువు దించుదామనుకున్నాను వదినా."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాను. ముగ్గురం ఒకేసారి నవ్వాం, ఎవరు ముందు మొదలెట్టామో తెలీదు. ఆగస్టంతా అమ్మ తనదేనని జానెల్ నా చేత ఒట్టు వేయించుకుంది. దారికి మొక్కజొన్న రొట్టె కట్టిచ్చింది. పెట్టె తనే మోసుకొచ్చి కార్లో పెడుతూ, లోపల ఏముందే ఇంత బరువు అని తల్లిని తిట్టింది.

అత్తయ్య ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. చెవిమిషను సరిచేసుకుంది. ఊరు దాటేసరికి వెనక ప్లాస్టిక్ పట్టా టపటపలాడుతోంది.

"దారిలో ఏమైనా వస్తోందా?"

"ఏమీ రావట్లేదు. ఇంటిదాకా ఎండే."

"అయితే ఎక్కడా ఆగక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు."

కిటికీ అద్దం దించి గోధుమ చేలను చూసింది.

"అయినా ఆగుదాం," అంది.